విప్పడానికి వేరు, కుట్టడానికి వేరు

కత్తెరక్క కొట్టు తలుపు పక్కన ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. దాని మీద నల్లరంగుతో, కాస్త కోపంగా వంగిన అక్షరాలతో రెండే ముక్కలు: "విప్పడానికి వేరు. కుట్టడానికి వేరు." ఇరవై రెండేళ్ళుగా ఆ అట్ట అక్కడే ఉంది. ఎండకి వెలిసింది, వానకి ఉబ్బింది, రెండుసార్లు అక్షరాలు దిద్దించుకుంది. చదివినవాళ్ళు బోలెడుమంది. ఒప్పుకుని, కిక్కురుమనకుండా డబ్బు తీసినవాడు మాత్రం ఇంతవరకు ఒక్కడూ లేడు.

అక్కది కొత్త బట్టలు కుట్టే కొట్టు కాదు. ఉన్నవాటిని సరిచేసే కొట్టు. పొట్ట పెరిగిన పెద్దమనుషుల కోట్లు వదులు చేస్తుంది. పిల్లలు ఎదిగిపోతే యూనిఫారాలు పొడుగు చేస్తుంది. చెడిన జిప్పులు మారుస్తుంది. ఈ పనుల్లో కుట్టు వెయ్యడం చిటికెలో పని. అసలు చాకిరీ అంతా విప్పడంలోనే ఉంది. కోటు లోపలి బట్ట విప్పాలంటే బ్లేడుముక్క పట్టుకుని, గాటు పడకుండా, ఒక్కొక్క పోగే తెంపుకుంటూ మెడ పట్టేసేదాకా కూర్చోవాలి. ఇంతా చేశాక గిరాకీ వచ్చి, కోటు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతా? ఒక్క కుట్టేగా అక్కా!" అంటాడు.

ఆ మాట వింటే అక్కకి అరికాలిమంట నెత్తికెక్కుతుంది. ఆ కుట్టు దగ్గరికి దారి ఎవరు వేశారు, మీ తాతా? అని అడగాలనిపిస్తుంది. చాలాసార్లు అడిగింది కూడా. అడిగించుకున్నవాళ్ళు మళ్ళీ కొట్టు మెట్టెక్కలేదు గనక, ఈమధ్య పళ్ళు బిగబట్టి ఊరుకోవడం నేర్చుకుంది.

అక్కకి ఈ లోకంలో ఒకే ఒక్క కోరిక ఉంది. ఓవర్‌లాక్ మెషిను. బట్ట అంచుని దానంతటదే కత్తిరించి, దారం అల్లి, పోగు ఊడకుండా చేసేస్తుంది. ఇప్పుడు ఆ పని అక్క చేత్తో చేస్తోంది, వేళ్ళకి చిల్లులు పడుతున్నాయి. రెండు వీధుల అవతల కుట్టుమెషిన్ల షాపులో, అద్దం వెనక, తెల్లగా నిగనిగలాడుతూ ఒకటి కూర్చుని ఉంది. అక్క వారానికోసారి వెళ్ళి దాన్ని చూసి వస్తుంది. ఒకసారి దాని మీద దుమ్ముందని షాపువాణ్ణి నానా మాటలూ అని, తన చేతిరుమాలుతో తనే తుడిచి వచ్చింది. వాడు కూడా జాలిపడి, "ఈ నెలాఖరుదాకా పాత ధరకే ఇస్తానక్కా, ఆ తర్వాత కంపెనీవాళ్ళు పెంచేస్తున్నారు" అన్నాడు. ధర ముప్ఫైరెండు వేలు. అక్క దగ్గర గుండీల డబ్బాలో, గుండీల అడుగున, ముప్ఫై ఉన్నాయి. దొంగ వచ్చినా ఆ గుండీలన్నీ చూసి విసుగెత్తి పోతాడని ఆవిడ ధీమా. నెలాఖరుకి ఇంకా మూడు వారాలుంది. రెండు వేలు ఎంతలో పని!

సరిగ్గా అప్పుడే బ్రేకు మాస్టారు నోరు తెరిచాడు.

బ్రేకు మాస్టారంటే అక్క మొగుడే. కారు నడపడం నేర్పిస్తాడు. పాత కారు ఒకటుంది, మూడేళ్ళ క్రితం రిటైరైన పళ్ళ డాక్టరు దగ్గర కొన్నాడు. నేర్చుకునేవాళ్ళు ఎవరినైనా గుద్దబోతే ఆపడానికి పక్క సీటు కింద రెండో బ్రేకు పెట్టించుకున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా, దీనికి ముందున్న కార్లలో కూడా, ఆ పని చేసీ చేసీ ఆయన కుడికాలు ఆయన మాట వినడం మానేసింది. ఎక్కడ భయమేసినా అక్కడ తొక్కుతుంది. టీవీలో ఎవరైనా మెట్ల మీంచి పడబోతే తొక్కుతుంది. క్షౌరం చేయించుకునేటప్పుడు కత్తి చెవి దగ్గరికొస్తే తొక్కుతుంది. నిద్రలో తొక్కీ తొక్కీ మంచం చివరి చెక్క పగలగొట్టాడు. అక్క కోపంగా ఊపిరి పీల్చినా సరే, ఆ కాలు నేలని ఠప్పున తన్నుతుంది. మనిషి మాత్రం నోట్లో వేలు పెట్టినా కొరకలేనివాడు.

"కారు లక్ష కిలోమీటర్లకి దగ్గరపడింది. టైమింగ్ బెల్టు మార్పించాలి" అన్నాడు అన్నం తింటూ.

"అదేంటి?"

"ఇంజిన్లో పైన వాల్వులుంటాయి, కింద పిస్టన్లుంటాయి. ఒకే చోటికి వస్తాయి, కానీ ఒకేసారి రాకూడదు. పొద్దున్నే మన స్నానాల గదికి నువ్వూ నేనూ వచ్చినట్టు. ఒకళ్ళు వెళ్ళాకే ఇంకొకళ్ళు రావాలి. అలా చూసేది ఆ బెల్టు."

"తెగితే?"

"గుద్దుకుంటాయి. ఇంజిన్ తుక్కే" అని, తన మాటకి తనే భయపడి కంచం కింద నేలని ఠప్పున తొక్కాడు.

ఇంజిన్ తుక్కయితే కారు లేదు. కారు లేకపోతే మాస్టారికి పని లేదు. పని లేకపోతే మాస్టారు రోజంతా ఇంట్లోనే ఉంటాడు. ఈ చివరి సంగతి తలుచుకుని అక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "ఎంతవుతుంది?" అంది తర్వాత.

"చోటుని బట్టి. ఆరు వేల నుంచి పాతిక దాకా చెప్తున్నారు."

గుండీల డబ్బా గుండెల్లో రాయి పడింది. అక్క లేచి, కొలతల టేపు మెడలో వేసుకుంది. "పదండి. బేరం నేనాడతాను. మీరు మాత్రం నోరు, కాలు రెండూ కదపకండి."

మొదట అద్దాల షోరూముకి వెళ్ళారు. మెత్తటి సోఫాలు, చల్లటి గాలి, ఊరికే ఇచ్చే కాఫీ. టై కట్టుకున్న అమ్మాయి చేతిలో పలక లాంటి ఫోను మీద వేలితో గీసి, "ఇరవై ఆరు వేలు అవుతుంది మేడమ్" అంది, ఏదో శుభవార్త చెప్తున్నట్టు.

"బెల్టు పొడవెంత?" అంది అక్క.

"మేడమ్?"

"పొడవమ్మా, పొడవు. వెడల్పెంత? ధర చెప్పే ముందు కొలత చెప్పాలి కదా."

"అది మీటర్ల లెక్కన కాదు మేడమ్."

"బట్టయినా బెల్టయినా పొడవూ వెడల్పూ లేకుండా ఎలా ఉంటుందమ్మా? ఒకటి తెప్పించు."

ఆ అమ్మాయి పాపం లోపలికెళ్ళి డబ్బాలోంచి ఒక బెల్టు తెచ్చింది. అక్క దాన్ని బల్ల మీద పరిచి, టేపు పెట్టి కొలిచి, చెవి వెనక సుద్దముక్క తీసి అరచేతిలో రాసుకుంది. చుట్టూ నూట పద్నాలుగు సెంటీమీటర్లు. వెడల్పు అంగుళం. లోపలివైపు పళ్ళు నూట ఇరవై, రెండుసార్లు లెక్కపెట్టింది. "అంగుళం వెడల్పు పట్టీకి మీటరు ఇన్ని వేలా! పట్టుబట్ట తాను మొత్తం వస్తుంది" అని లేచింది. ఆలోపు మూడు కాఫీలు తాగింది, అడిగిన ధరలో ఆ మేరకైనా రాబట్టుకోవాలని. మాస్టారు చేత కూడా రెండు తాగించింది.

రెండోది రోడ్డు పక్క షెడ్డు. అక్కడివాడు కారు ముందు మూత కూడా ఎత్తకుండానే, "ఆరు వేలివ్వండి, గంటలో ఇచ్చేస్తా" అన్నాడు.

"గంటలోనా? విప్పడానికే గంట పట్టదా?"

"మొత్తం విప్పేదేముంది? పైనుంచి కోసి లాగేసి, కొత్తది తోసేస్తా."

విప్పకుండా తోసెయ్యడం! అక్క అతన్ని కిందినుంచి పైకి చూసింది. చొక్కాకి మూడో గుండీ లేదు, దాని బదులు రాగితీగ మెలిపెట్టి ఉంది. ప్యాంటు అంచు ఊడిపోతే స్టేప్లర్ పిన్నులు కొట్టుకున్నాడు. "చొక్కాకే ఇలా చేసినవాడు ఇంజిన్‌కి ఏం చేస్తాడో! పదండి" అని మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

మూడోవాడు కోడిగుడ్ల మేస్త్రి. పాత గోదాములో ఒక్కడే పనిచేస్తాడు. విప్పిన బోల్టుల్ని కోడిగుడ్ల అట్టల్లో గుంటకొకటి చొప్పున పెట్టి, పక్కన సుద్దతో అంకె వేస్తాడు, అందుకే ఆ పేరు. కళ్ళజోడు నుదుటి మీద ఉంటుంది, దానికోసం ఎప్పుడూ బల్లంతా వెతుకుతుంటాడు. మాట్లాడితే అరిగిపోతానన్నట్టు ఉంటాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, మూత ఎత్తి చూసి అన్నాడు: "సామాను ఆరు. పని ఎనిమిది."

"ఎనిమిది వేలా పనికి!" అని గోదాము రేకులదిరేలా అరిచింది అక్క. "ఏం చేస్తారండీ అంతా? పాతది తీసి కొత్తది వెయ్యడానికి ఎనిమిది వేలా? ఒక్క బెల్టేగా!"

మాస్టారి కాలు నేలని ఠప్పున తన్నింది. ఇరవై రెండేళ్ళుగా ఇంట్లో రోజూ రాత్రి ఆ 'ఒక్క' అన్న మాట మీద తిట్లు విన్నవాడు మరి. అక్కకి మాత్రం ఏమీ తట్టలేదు. ఆవిడ మంచి ఊపులో ఉంది. మేస్త్రి ఆవిడ వైపు చూసి, మళ్ళీ కళ్ళజోడు వెతుక్కోవడంలో పడ్డాడు.

ఇంటికొచ్చాక అక్క ఆలోచించింది. పని తగ్గించడు సరే. సామానులో బెల్టు ఒకటుంది కదా, అది మనమే ఇస్తే? కొలతలున్నాయి. కుట్టడం వచ్చు. ఈ బుద్ధి ఇంకే ఇంట్లో అయినా ఇంకెవరికైనా పుట్టి ఉంటే, ఇంట్లోవాళ్ళు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేవాళ్ళు. మాస్టారు మాత్రం కాలు తొక్కి ఊరుకున్నాడు.

రెండు రోజులు కొట్టు మూసేసింది. బడిసంచుల పట్టీ గుడ్డ మూడు పొరలు వేసి, మైనం పట్టించిన దారంతో జోడుకుట్టు వేసింది. లోపలివైపు ఒక్కో పన్ను విడిగా మడిచి కుట్టింది. తొంభై ఏడో పన్ను దగ్గర సూది విరిగింది. నూటపదో పన్ను దగ్గర కొంచెం ఏడుపొచ్చింది. నూట ఇరవయ్యోది అయ్యాక దాన్ని రెండు చేతులతో ఎత్తి కిటికీ వెలుగులో చూసుకుని, "వాళ్ళ రబ్బరు దీని ముందు ఎంత!" అంది. నిజం చెప్పాలంటే చూడ్డానికి అందంగానే ఉంది.

మేస్త్రి దాన్ని అందుకుని, నుదుటి మీది కళ్ళజోడు మొదటిసారి వెతకకుండానే దించుకున్నాడు. పన్ను తర్వాత పన్ను తడుముతూ మొత్తం లెక్కపెట్టాడు.

"నూట ఇరవై" అన్నాడు మేస్త్రి. "ఎవరు కుట్టారు?"

"నేనే. సామానులో బెల్టు డబ్బులు తీసెయ్యండి మరి."

"ఇది వేస్తే బండి గేటు కూడా దాటదమ్మా. వేడికి సాగుతుంది."

అక్క మొహం మాడిపోయింది.

"కానీ ఒక్క పన్ను కూడా అటూ ఇటూ లేదు" అన్నాడు ఆయన, ఇంకా దాన్నే చూస్తూ. తర్వాత ఆ బెల్టుని స్పానర్ల పక్కన మేకుకి తగిలించాడు. "పని ఏడున్నర చేసుకుంటాను. రేపు పొద్దున్న బండి తెండి. నమ్మకం లేకపోతే మీరూ కూర్చుని చూడండి."

నమ్మకం అక్కకి ఎవరి మీదా లేదు. మర్నాడు పొద్దున్నే స్టూలు, ఒక సంచెడు ప్యాంట్లు, సూదిపెట్టె తీసుకుని గోదాములో వెళ్ళి కూర్చుంది. ఏడున్నర వేలకి ఎంత పని జరుగుతుందో నిమిషం నిమిషం లెక్క చూద్దామని.

మేస్త్రి ముందు చక్రం విప్పాడు. చక్రం వెనక ప్లాస్టిక్ రేకు విప్పాడు. బయట తిరిగే పట్టీ ఒకటి విప్పాడు. ఇంజిన్ కింద జాకీ పెట్టి, ఇంజిన్ని మోసే దిమ్మ విప్పాడు. ఒక పెద్ద కప్పీ బోల్టు రాకపోతే అరగంట దానితో గుసగుసలాడాడు, బతిమాలాడు, చివరికి పొడవాటి గొట్టం తగిలించి దాని మీద వేలాడాడు. ఒక్కో బోల్టూ గుడ్ల అట్టలో గుంటలో పెట్టి సుద్దతో అంకె వేశాడు. ఒక అట్ట నిండింది. రెండోది నిండింది. పదకొండయింది, పన్నెండయింది. వేళ్ళు రెండుచోట్ల గీరుకుపోతే పాతగుడ్డ చుట్టుకున్నాడు. అక్క చేతిలో ప్యాంటు అలాగే ఉండిపోయింది. ఒక్క కుట్టు కూడా పడలేదు.

"మేస్త్రి గారూ" అంది చివరికి, గొంతు కాస్త తగ్గించి. "పొద్దుణ్ణుంచీ మీరు చేస్తున్నది విప్పడమేగా?"

"ఇంకేంటమ్మా. కొత్త బెల్టు తొడగడం ఎంతసేపు, పావుగంట. దాని దగ్గరికి వెళ్ళడమే పని."

'ఒక్క బెల్టేగా' అని అదే గోదాములో, అదే చోట నిలబడి, తన నోటితో తను అరిచిన అరుపు ఇప్పుడు అక్క చెవిలో గింగురుమంది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. తలొంచుకుని ప్యాంటు అంచు కుట్టడం మొదలుపెట్టింది. తర్వాత చూసుకుంటే రెండు కాళ్ళూ కలిపి కుట్టేసింది.

ఒంటిగంటకి మేస్త్రి లోపలి మూత తీశాడు. కళ్ళజోడు దించుకుని టార్చి వేసి చూశాడు.

"అమ్మా, ఇలా రండి. మాస్టారూ, మీరు కూడా."

లోపల బెల్టు నల్లగా, బిగుతుగా ఉంది. దాని వీపు మీద తెల్ల అక్షరాలు కూడా ఇంకా చెరగలేదు.

"ఇది కొత్తది. మీరు కొనకముందే ఎవరో మార్పించారు. ఈ బెల్టుతో తిరిగే నీళ్ళ పంపు కూడా కొత్తదే. దీన్ని మార్చక్కర్లేదు, ఇంకా చాలా ఏళ్ళు వస్తుంది."

వేరొకడైతే ఆ మాట చెప్పేవాడు కాదు. మూత పెట్టేసి, కొత్త బెల్టు డబ్బా చూపించి పదమూడున్నర వేలు లెక్కపెట్టుకునేవాడు. ఆ సంగతి అక్కకీ తెలుసు, మేస్త్రికీ తెలుసు.

"మార్పించినట్టు కాగితం ఏమీ ఇవ్వలేదా మీకు అమ్మినాయన?" అన్నాడు మేస్త్రి.

"కాగితాలు ఒక కట్ట ఇచ్చారు డాక్టరు గారు" అన్నాడు మాస్టారు. "ఇంట్లో ఎక్కడో..." అని పెళ్ళాం వైపు చూశాడు. అక్క పైకప్పు వైపు చూసింది.

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. "సామాను వాపసు ఇచ్చేస్తాను. పని సంగతంటారా... మార్చింది ఏమీ లేదు. మీకేది తోస్తే అది ఇవ్వండి. సాయంత్రానికి మళ్ళీ బిగించి ఉంచుతాను." అంతే. గుడ్ల అట్ట దగ్గరికి లాక్కుని చివరి గుంటలోంచి మొదలుపెట్టాడు.

బయటికి రాగానే మాస్టారు గాల్లో తేలిపోయాడు. "అదృష్టమంటే ఇదేనోయ్! ఏమీ మార్చలేదు కదా, ఓ ఐదొందలు టీ ఖర్చులకిచ్చి దణ్ణం పెట్టేద్దాం. నీ మెషిను వచ్చేసినట్టే. ఆయనే అన్నాడుగా, తోచింది ఇవ్వమని!"

"చూద్దాం" అంది అక్క, కొట్టుకి వెళ్ళిపోయింది.

రెండు రోజుల పని మిగిలి ఉంది. ఎవరో పిల్లాడి యూనిఫారానికి కాలరు మార్చాలి. అక్క గోడ మేకుకున్న కాగితం నమూనాల్లోంచి కాలరు నమూనా తీసి బట్ట మీద పెట్టింది. మూడేళ్ళుగా అదే నమూనా, మంచి దళసరి కాగితం, ఎంత వాడినా నలగలేదు. సుద్దతో చుట్టూ గీస్తుంటే అది బోర్లా పడింది. వెనక అచ్చక్షరాలున్నాయి. "...మింగ్ బెల్టు, వాటర్ పం..." అని ఉంది.

అక్క చేతిలో సుద్ద విరిగింది.

మేకు మీంచి చేతిపట్టీ నమూనా తీసి తిప్పింది. "...పు మార్చబడినవి" అని ఉంది, పక్కన తేదీ. జేబు నమూనా తిప్పింది. గుండ్రటి ముద్ర, దాని కింద పళ్ళ డాక్టరు గారి సంతకం. మూడింటినీ బల్ల మీద కలిపి పెడితే బిల్లు నిండుగా, చక్కగా, ఒక్క మాట పోకుండా కనిపించింది. కాగితాల కట్ట ఇంటికొచ్చిన రోజే, ఎంత మంచి కాగితమో అనుకుని, కత్తెర తీసి తనే కత్తిరించింది. ఊళ్ళో సగంమంది పిల్లల మెడల చుట్టూ మూడేళ్ళుగా ఉన్నది ఆ బిల్లే.

ఎవరూ చూడలేదు. మళ్ళీ మేకుకి తగిలించేస్తే అయిపోతుంది. మొగుడు చెప్పినట్టు ఐదొందలు చేతిలో పెడితే మేస్త్రి నోరెత్తడు. ఐదొందలు పోతే పోయాయి, మిగతావి రెండు వారాల్లో సర్దేస్తే మెషిను ఇంటికొస్తుంది. అక్క గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మెషిను కావాలి. ఇదిగో ఇంత దగ్గరికొచ్చింది. ఏడుపొస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు, గట్టిగా తిడదామంటే తిట్టాల్సింది తననే. గుమ్మం పక్కన గాలికి అట్టముక్క టకటకా గోడకి కొట్టుకుంటోంది. "నోరు ముయ్యి" అంది అక్క దానితో. అది ముయ్యలేదు.

సాయంత్రం వెళ్ళేసరికి మేస్త్రి చక్రం చివరి నట్టు బిగిస్తున్నాడు. గుడ్ల అట్టలు రెండూ ఖాళీ. మాస్టారు ఐదొందల నోటు చేతిలో పట్టుకుని దణ్ణం పెట్టడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. అక్క ఆయన్ని దాటుకుని వెళ్ళి, కారు మూత మీద కాలరు, చేతిపట్టీ, జేబు వరసగా పరిచింది.

మేస్త్రి వంగి చదివాడు. మొదట భుజాలు కదిలాయి. తర్వాత నుదుటి మీది కళ్ళజోడు జారి గుడ్ల అట్టలో పడింది. ఆ మనిషి నవ్వడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. నవ్వు ఎలా ఆపాలో ఆయనకీ తెలిసినట్టు లేదు, చక్రం పట్టుకుని కూర్చుండిపోయాడు.

అక్క నవ్వలేదు. గుండీల డబ్బా బోర్లించి, గుండీల్లోంచి నోట్లు ఏరి, ఏడున్నర వేలు లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టింది.

"అమ్మా, నేనేమీ మార్చలేదు..."

"విప్పారా లేదా?"

"విప్పాను."

"మళ్ళీ వేశారా లేదా?"

"వేశాను."

"మరింకేం? తీసుకోండి. మొన్న నేనొక మాట అన్నాను, 'ఒక్క బెల్టేగా' అని. ఆ మాట నేను అనకూడదు. లోకంలో ఎవరన్నా అనొచ్చు, నేను అనకూడదు."

పక్కన మాస్టారి కాలు నేలని ఒకటికి రెండుసార్లు తన్నింది. బండి ఆగలేదు, డబ్బులు వెళ్ళిపోయాయి. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో మెషిన్ల షాపు వచ్చింది. అక్క అటు చూడకుండా రెండోవైపు కిటికీలోంచి, ఏమీ లేని గోడని, చాలా శ్రద్ధగా చూస్తూ కూర్చుంది. నెల తిరిగాక ధర పెరిగింది, ఆవిడ వారం వారం వెళ్ళడం కూడా మానేసింది.

మరో వారానికి మేస్త్రి కొట్టుకొచ్చాడు. చేతిలో ఒకే ముక్కగా కుట్టిన ఆయన పనిబట్టలు, జిప్పు మెడ నుంచి నడుం కిందిదాకా పాడైపోయింది. ఒంటి మీద మామూలు ప్యాంటు చొక్కా. ప్యాంటు జారకుండా నడుముకి చుట్టుకున్నది నూట ఇరవై పళ్ళ గుడ్డ బెల్టు. గోదాము గేటు దాటదన్న బెల్టు రెండు వీధులు దాటి వచ్చింది. పళ్ళు బయటికి కనిపించేలా పెట్టుకున్నాడు.

అక్క బట్టలు తిప్పి చూసింది. అలవాటు కొద్దీ నడుం బిగించి, యుద్ధానికి సిద్ధమై, ధర చెప్పింది. జిప్పుకి ఇంత. కుట్టడానికి ఇంత. విప్పడానికి ఇంత. చెప్పి, 'ఒక్క జిప్పేగా' అన్న మాట కోసం ఎదురుచూసింది.

మేస్త్రి కళ్ళజోడు కోసం బల్లంతా వెతికి, నుదుటి మీంచి దించుకుని, తలుపు పక్కనున్న అట్టని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపు ఆగి, ఇంకో నోటు తీసి దాని పైన పెట్టాడు.

"విప్పడానికి తక్కువ చెప్పారమ్మా" అన్నాడు. "ఈ జిప్పుకి రెండు వరసల కుట్టుంది. టైము పడుతుంది."

అక్క గబగబా మెషిను వైపు తిరిగి, దారం ఊడిపోయినట్టు, అదే పెద్ద పనైనట్టు సూదిలో ఎక్కించడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ళుగా కళ్ళు మూసుకుని చేసే పని అది. ఆ రోజు మాత్రం దారం ఎంతకీ ఎక్కలేదు.